సర్వరు చిక్కులు – సాటివారి సాయము
(సంఘపు యువజన సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సమావేశములలో సాధారణముగ పాఠశాలను గూర్చియు, గ్రంథాలయమును గూర్చియు ముచ్చటించుకొనుట వాడుక. ఈ పర్యాయము యూనిక్సు సర్వరులను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరగా, పెద్దలకు విసుగు కలుగునేమోయని మేము కొంత సంకోచించితిమి. కాని ఈ బెంగుళూరు నగరమున మన యిండ్లలోని పిల్లలు ఎందరో ఈ యంత్రములకు రేయింబవళ్లు కావలి యున్నవారే. అర్ధరాత్రి ఫోను మ్రోగగనే లేచి కూర్చుండు కుమారుడో కోడలో ఏమి చేయుచున్నదియు ఇంటి పెద్దలకు కొంత తెలియుట మంచిదే గదా.

బ్యాంకు పద్దు గాని, ఆసుపత్రి చీటి గాని, రైలు టిక్కెట్టు గాని, దూరమునుండి అడిగినవారి కెల్ల అందించు యంత్రమే సర్వరు. దానిని నడపు మూలవ్యవస్థలలో పేరు గన్నది యూనిక్సు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలగువారు దానికి శ్రీకారము చుట్టిరి. ఆ బాటనే నడచి 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును ఆరంభించెను. అతడు తన పనిని లోకమునకు తెలిపిన మొదటి లేఖలోనే, మీకేమేమి కావలెనో చెప్పుడని తోటివారిని అడిగినాడు. అంతకు ఇరువది యేండ్ల పూర్వమే, 1971లో వెలువడిన యూనిక్సు మొదటి కరదీపికలో, ప్రతి ఆజ్ఞను వివరించు పుటయందును దానిలోని లోపములను చెప్పుటకు వేరుగ ఒక శీర్షిక యుంచిరి. తాము చేసిన వస్తువు లోపములను తామే అచ్చువేయించిన వారిని ఇతర వృత్తులలో మేము ఎక్కువగ చూడలేదు. కావున ఈ విద్యయందు సాటివారిని అడుగుట చిన్నతనము గాదు; పుట్టుకతో వచ్చిన ఆచారము.

అయినను అడుగుటలో ఒక మర్మము కలదు. కన్నది చెప్పవలెను, అనుకొన్నది తరువాత చెప్పవచ్చును. వైద్యునికడకు పోయి 'నాకు పైత్యము చేసినది' అను రోగికంటె, 'తెల్లవారుజామున లేవగనే తల తిరుగుచున్నది, పండుకొన్నచో తగ్గుచున్నది' అను రోగికి మందు త్వరగా దొరకును. సర్వరుల విషయమున ఈ భేదము ఎంత దూరము పోవునో రెండు మూడు ఉదాహరణములతో మనవి చేసెదము.

మొదట మెమొరీ మాట. క్రొత్తగ కావలికి వచ్చినవారు మిక్కిలి భయపడునది దీనికే. యంత్రమున పదునారు గిగాబైట్ల మెమొరీ యున్నదనుకొందము. 'ఫ్రీ' అను ఆజ్ఞ నిచ్చినచో చిన్న పట్టిక యొకటి వచ్చును. అందు 'ఫ్రీ' అను గడిలో అర గిగాబైటైనను కనబడదు. గుండె జారును. మెమొరీ నిండిపోయినదని సాటివారికి వ్రాయుదురు. కొందరు అంతటితో నాగక యంత్రమునే ఆర్పి వెలిగింతురు. నిజమునకు అచ్చట జరుగుచున్నది వేరు. పల్లెటూళ్లలో అరుగు ఖాళీగ నున్నప్పుడు ఇల్లాలు దానిమీద వడ్లు ఆరబోయును. చుట్టములు వచ్చినచో వడ్లు చేటల కెత్తి చాప పరచును. లినక్సు కెర్నలును అట్లే, డిస్కునుండి ఒకసారి చదివిన ఫైళ్లను, మరల ఎవరైన అడుగుదురేమోయని ఖాళీ మెమొరీలో ఉంచుకొనును. పట్టికలో 'బఫ్/క్యాష్' అను గడి యదియే. ప్రోగ్రాములకు చోటు కావలసినప్పుడు అందులో అధికభాగమును విడిచిపెట్టును. కావున చూడవలసినది 'ఫ్రీ' గడి గాదు, చివరనున్న 'అవైలబుల్' గడి. 2014లో వచ్చిన 3.14వ కెర్నలునుండి ఈ లెక్కను కెర్నలే కట్టి యిచ్చుచున్నది. పూర్వము ఎవరికి వారే కూడికలు తీసివేతలు చేసికొనెడివారు. అవి పలుమారు తప్పెడివి.

స్వాపు అనునది ఇంకొక భయస్థానము. ఇంటిలో చోటు చాలనప్పుడు వాడని బిందెలను అటక యెక్కించినట్లు, కెర్నలు తరచుగ వాడబడని మెమొరీ పుటలను డిస్కుమీదికి పంపును. స్వాపులో రెండు గిగాబైట్లున్నవని చూచి కలవరపడనక్కరలేదు; అవి అటకమీద ఊరక పడియుండవచ్చును. బిందెలను క్షణక్షణము ఎక్కించుచు దింపుచునున్నప్పుడే ఇంటిలో వంట సాగదు. ఆ సంగతి తెలిసికొనుటకు 'వీఎమ్‌స్టాట్' ఆజ్ఞను ఐదేసి సెకండ్ల కొకసారి పలుకునట్లు నడపి, 'ఎస్ఐ', 'ఎస్ఓ' అను రెండు వరుసలను చూడవలెను. మొదట వచ్చు పంక్తి యంత్రము మేల్కొన్ననాటినుండి సగటు గావున దానిని విడిచి, తరువాతి పంక్తులను గమనించవలెను. ఆ రెండు వరుసలలో సున్నలే యున్నచో స్వాపును నిందింపరాదు.

ఇక ప్రాసెసులను చంపు కెర్నలు కథ. పెండ్లికి వేయిమందిని పిలిచి, అందరును రారను ధైర్యముతో ఏడువందలమందికి వండించు గృహస్థువలె, కెర్నలు తనయొద్ద నున్నదానికంటె అధికమైన మెమొరీని ప్రోగ్రాములకు వాగ్దానము చేయుట కలదు. అందరును ఒక్కసారిగ పంక్తిలో కూర్చుండినచో మాట దక్కదు. అప్పుడు కెర్నలు ఒక ప్రాసెసును ఎంచి చంపివేయును. ఎంపికలో ప్రధానముగ చూచునది ఎవరు ఎక్కువ మెమొరీ తినుచున్నారనియే. కావున తరచుగ పడిపోవునది డేటాబేసు. ఉదయము వచ్చినవారు 'డేటాబేసు చెడినది' అని సాటివారికి వ్రాయుదురు. చచ్చినవాడే దోషి యగుట లేదు. ప్రక్కన ఏదో చిన్న ప్రోగ్రాము వారముదినములుగ కొంచెము కొంచెముగ మెమొరీని పట్టుకొని విడువకుండుటచేత పెద్దదానికి చావు మూడియుండవచ్చును. కెర్నలు తాను చేసిన పనిని దాచదు. 'డీమెసేజ్' పట్టికలో ఆ క్షణమున బ్రతికియున్న ప్రాసెసు లన్నింటి జాబితాను వ్రాసి పెట్టును. అందలి అంకెలు బైట్లు గావు, కిలోబైట్లు గావు, పుటలు. సామాన్య యంత్రములలో పుట యొక్కటికి నాలుగు కిలోబైట్లు. ఈ సంగతి యెరుగక, మెమొరీ అంతయు ఎక్కడికి పోయినదో యని తల బద్దలు కొట్టుకొనువారు కలరు.

ఈనాడు డాకరు మొదలగు పద్ధతులు వచ్చిన పిమ్మట మరియొక చిక్కు తోడైనది. యంత్రమున మెమొరీ పుష్కలముగ నుండగనే ప్రాసెసు చచ్చును. ఆ ప్రాసెసు నుంచిన గదికి ఇంతయే మెమొరీ యని ఎవరో హద్దు గీసియుందురు. అట్టి చావుకు కెర్నలు వ్రాయు వాక్యములో 'సీగ్రూప్' అను మాట కనబడును. ఆ యొక్క మాటను యథాతథముగ అతికించి పంపినచో సాటివాడు నిమిషములో కారణము చెప్పును. 'మెమొరీ చాలినంత యున్నను ప్రోగ్రాము ఆగిపోవుచున్నది' అని సొంత మాటలలో వ్రాసినచో, వాద ప్రతివాదములతో దినము గడచును.

నెట్‌వర్కు విషయమునకు వత్తము. మనమందరము వాడు 'పింగ్' పుట్టుక విచిత్రమైనది. 1983 జూలైలో డేవిడ్ మిల్స్ అను శాస్త్రజ్ఞుడు నార్వే దేశమున, ఒక యంత్రమునుండి మరొక యంత్రమునకు ప్రతిధ్వని పొట్లములను పంపి మార్గమునందలి జాగును కొలువవచ్చునని చెప్పెను. ఆ మాట విన్నవారిలో మైక్ మూస్ ఒకడు. ఆ డిసెంబరులో తాను పనిచేయు అమెరికా సైనిక ప్రయోగశాలలో నెట్‌వర్కు వింతగ ప్రవర్తింపగా ఆ మాట జ్ఞప్తికి వచ్చి, ఆ రాత్రియే ప్రోగ్రాము వ్రాసెను. దానికి కావలసిన ఆసరా కెర్నలులో లేదని తేలగా అదియు వ్రాసి తెల్లవారకమునుపే పని ముగించెను. ఆ మొదటి పింగును పంపులోపలనే సహోద్యోగి యొకడు చెడిన పరికరమును కనిపెట్టి బాగుచేసియుండెను! అయినను ఆ ప్రోగ్రాము నేటికిని లోకమంతట పలుకుచునే యున్నది.

సాటివారి కష్టమును అందరును కలసి తీర్చుకొన్నదానికి 1986వ సంవత్సరపు ఉదంతము మేలైన తార్కాణము. ఆ అక్టోబరులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకును, బర్కిలీ విశ్వవిద్యాలయమునకును నడుమ, నిండా నాలుగువందల గజముల దూరమున, సెకండుకు 32 వేల బిట్లు పోవలసిన మార్గమున 40 బిట్లు మాత్రము పోయెను. తీగ తెగలేదు. యంత్రములు చెడలేదు. జవాబు రాలేదని ప్రతి యంత్రమును పంపినదానినే మరల మరల పంపుటచే మార్గము క్రిక్కిరిసినది; క్రిక్కిరిసినకొలది జవాబు మరింత ఆలస్యమై, మరింత పంపిరి. తిరునాళ్లలో ఇరుకు సందునందు వెనుకనున్నవాడు త్రోయుటవంటిది. వాన్ జేకబ్‌సన్, మైకేల్ కారెల్స్ అనువారు దీనిని శ్రద్ధగ కొలిచి, మెల్లగ ఆరంభించి, పొట్లము పోయినదని తెలియగనే పంపకమును బాగుగ తగ్గించుకొను నడవడిని యూనిక్సు యంత్రములకు నేర్పిరి. 1988లో దానిని వ్యాసముగ ప్రకటించిరి. నెట్‌వర్కు చెడినదని మొరపెట్టుకొనుట సులభము. వారు ఏ క్షణమున ఏ పొట్లము పోయినదో వరుసగ గీసి చూపిరి.

ఇంత పెద్ద కథలు మనకేల యనవచ్చును. చిన్నదియు చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట ఒక సహకార సంఘపు కార్యాలయమున మేము చూచినది. కేంద్ర కార్యాలయమునకును శాఖకును నడుమ వీపీఎన్ అను సొరంగమార్గము వేసిరి. మరునాటినుండి శాఖలో పని కుంటువడెను. బాధ్యుడైన యువకుడు 'నెట్‌వర్కు నెమ్మదిగ నున్నది, ఏమి చేయవలెను?' అని తోటి వృత్తివారికి వ్రాసెను. జవాబులు వచ్చినవి. తీగ మార్చుమని యొకరు, కార్డు మార్చుమని యొకరు, సర్వరునే మార్చుమని మరియొకరు. రెండు దినములు కడచినవి. పిమ్మట ఒకాయన తిరుగు ప్రశ్న వేసెను: 'ఏమి పోవుచున్నది, ఏమి పోవుట లేదు?' యువకునకు తెలియదు. శాఖలోని గుమాస్తాను అడిగిరి. ఆ వృద్ధుడు తడుముకొనక చెప్పినాడు: 'అయ్యా, ఒక్కొక్క సభ్యుని పద్దు బాగుగనే వచ్చుచున్నది. గ్రామమంతటి జాబితా అడిగితిమా, తెర తెల్లగ నిలిచిపోవుచున్నది.'

చిన్నది పోవుచున్నది, పెద్దది ఆగుచున్నది! ఆ మాటతో రోగము బయటపడినది. ఈథర్నెట్టున ఒక పొట్లము 1500 బైట్లవరకు ఉండవచ్చును. సొరంగమార్గము తన ముద్రల కొరకు అందులో కొంత తినును గావున లోపల పట్టునది అంతకు తక్కువ. పట్టని పొట్లము వచ్చినచో నడుమనున్న రౌటరు దానిని పారవైచి, 'ఇది పెద్దది, చిన్నదిగ చేసి పంపుము' అని పంపినవానికి కబురు చేయవలెను. 1990లో ఏర్పడిన పద్ధతి యిది. కాని అచ్చట ఫైర్‌వాలు బిగించినవారు, భద్రతకని, ఆ కబురు మోయు ఐసీఎంపీ పొట్లములను సమూలముగ అడ్డగించియుండిరి. పంపినవానికి కబురు లేదు. అతడు అదే పెద్ద పొట్లమును మరల మరల పంపుచునే యుండెను. పింగును 1472 బైట్ల భారముతో, ముక్కలు చేయరాదను గుర్తుతో పంపి చూచిరి. 28 బైట్ల శీర్షికలు చేరి సరిగ 1500 అగును, అది పోలేదు. భారమును తగ్గించుచు రాగా ఒకచోట పోయెను. ఫైర్‌వాలులో ఆ కబురునకు దారి విడిచి, సొరంగమునకు తగినట్లు టీసీపీ భాగముల పరిమాణమును కుదించిరి. శాఖలో జాబితా వచ్చినది. ఆ సాయంకాలమే యువకుడు, చిక్కు ఎట్లు విడినదో వివరముగ వ్రాసి సాయపడిన వారందరికిని తెలిపెను. ఇది చాలమంది చేయరు. 'సరియైనది, కృతజ్ఞతలు' అని రెండు మాటలు గిలికి పోవుదురు. అదే రోగముతో మరునాడు వచ్చువానికి ఆ రెండు మాటలు ఎందుకు?

ఈ సందర్భమున మనవారికి ప్రత్యేకముగ ఒక మాట. మన పిల్లలు ఇంటిలో తెలుగును, వీధిలో కన్నడమును, కార్యాలయమున ఇంగ్లీషును మాటలాడుచు పెరిగినవారు. అందు పల్లెబడులలో చదివివచ్చిన కొందరు, తమ ఇంగ్లీషు వంకరగ నుండునని సంకోచించి, లోకము నలుమూలలనున్న తోటివారిని అడుగక, రాత్రులు ఒంటరిగ తెల్లవార్చుచున్నారని మేము విన్నాము. ఈ సంకోచము తగదు. యంత్రము పలికిన పంక్తులే ప్రశ్నలో ముఖ్యభాగము. ఆ పంక్తులను ఒక్క అక్షరము మార్చక అతికించి, పైన ఏమి చేసితిమో, ఏమి జరుగవలెనో, ఏమి జరిగినదో మూడు చిన్న వాక్యములు వ్రాసినచో చాలును. వ్యాకరణదోషమును ఎంచి జవాబు మానినవారిని మేము అరుదుగ చూచితిమి. వివరము లేని ప్రశ్నను చూచి విసిగినవారు కోకొల్లలు. లినక్సునకు తెలుగు నేలపు అమరిక యున్నమాట నిజమే. కాని యంత్రము వేరొక భాషలో పలుకునట్లు అమర్చియున్నవారు, పరదేశీయుల నడుగునప్పుడు 'ఎల్‌సీ ఆల్' అను మార్పును 'సి' యని పెట్టి ఆజ్ఞను నడపినచో, సందేశములు అందరికి తెలిసిన మూలరూపమున వచ్చును. అతికించుటకు ముందు సంకేతపదములను, రహస్యపు తాళములను, సంస్థ చిరునామాలను చెరిపివేయుట మరువరాదు.

సాటివాడనుచు వచ్చినవాడెల్ల సాటివాడు గాడని 2024లో లోకమునకు తెలిసినది. ఫైళ్లను కుదించు 'ఎక్స్‌జెడ్' అను ఉపకరణమును ఏండ్ల తరబడి ఒకే వ్యక్తి జీతభత్యములు లేక కాపాడుచుండెను. 2021 ప్రాంతమున జియా టాన్ అను పేరుతో ఒకరు సాయమునకు వచ్చిరి. ఆ పేరు వెనుకనున్నది ఎవరో బయటపడలేదు. పని మందకొడిగ సాగుచున్నదని, ఇతరులకు అప్పగింపుమని క్రొత్త పేర్లతో కొందరు మూలకర్తను నొక్కిరి. క్రమముగ ఆ సహాయకునికి ప్రచురణాధికారము లభించెను. 2024 ఫిబ్రవరి, మార్చి మాసములలో వెలువడిన 5.6.0, 5.6.1 ప్రతులలో, పరీక్షకొరకుంచిన ఫైళ్లయందు దొంగవాకిలి నొకదానిని దాచియుంచిరి. అది పనిచేసినచో, రహస్యపు తాళము గలవాడు ఎస్ఎస్‌హెచ్ ద్వారమున ఏ సర్వరులోనికైనను చొరబడగలడు.

దానిని పట్టుకొన్నది కాపలాకు నియమించిన భద్రతానిపుణుడు గాడు. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అను పోస్ట్‌గ్రెస్ డేటాబేసు నిర్మాత తన పరీక్షలకై యంత్రమును ప్రశాంతముగ నుంచదలచి చూడగా, ఎస్ఎస్‌హెచ్ ప్రాసెసులు మితిమీరి శక్తిని తినుచుండెను. తప్పుడు పేర్లతో వచ్చినవారిని త్రిప్పిపంపుటకే అంత శ్రమ యేల? కొలిచెను. క్రొత్త ప్రతికి ముందు 0.299 సెకండు, తరువాత 0.807 సెకండు. అర సెకండు! అంతకు కొన్ని వారముల ముందు మెమొరీని పరీక్షించు 'వాల్‌గ్రైండ్' చేసిన యొక వింత ఫిర్యాదు అతనికి జ్ఞప్తికి వచ్చెను. రెంటిని జతచేసి త్రవ్వుకొనుచు పోగా, ఎస్ఎస్‌హెచ్ తాను నేరుగ వాడని ఎక్స్‌జెడ్ గ్రంథమువరకు దారి తీసెను. డెబియను మొదలగు సంస్థలు సిస్టమ్‌డీ కొరకు చేర్చిన అతుకు ద్వారా అది ఎస్ఎస్‌హెచ్ లోనికి వచ్చుచుండెను.

2024 మార్చి 29న అతడు భద్రతావిషయముల బహిరంగ వేదికయందు వ్రాసిన లేఖను మన యువకులందరును చదువవలెనని మా కోరిక. తాను భద్రతాపరిశోధకుడను గానని, చాల భాగము తాను పరిశీలింపలేదని, చెప్పుచున్నది ప్రధానముగ చూచినదియేనని అందు తెలిపినాడు. దానితోపాటు కొలతలు, ఆజ్ఞలు, ఫైళ్ల పేర్లు. ఆ వివరములను ఆధారముగ గైకొని, మరునాటినుండి వేర్వేరు దేశములవారు మిగిలిన భాగములను విప్పిరి. డెబియను, ఫెడోరా మొదలగు వానిలో అప్పటికి పరీక్షా ప్రతులకే ఆ దోషము సోకియుండుటచే, బ్యాంకులు ఆసుపత్రులు వాడు స్థిర ప్రతులు చాలవరకు తప్పించుకొనెను. దోషయుక్తమైన ప్రతులను సంస్థలు వెనుకకు తీసికొనెను.

అపరిచితుడు పంపిన ఆజ్ఞను అధికారిహోదాలో కన్నుమూసికొని నడుపువారికి ఈ కథ తెలియవలెను. ఆజ్ఞలోని ప్రతి భాగము ఏమి చేయునో కరదీపికలో చూచుకొన్న పిమ్మటనే నడుపుట క్షేమము. తెలియనిచో, ఇది ఏమి చేయునని పంపినవానినే అడుగవచ్చును. నిజమైన సాటివాడు ఆ ప్రశ్నకు కోపగించుకొనడు.

కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. నల్లబల్లయు సుద్దయు ఇచ్చట సిద్ధముగ నున్నవి. మీ కార్యాలయములలో విడని చిక్కులున్నచో, సంస్థ పేరు విడిచి, యంత్రము పలికిన పంక్తిని మాత్రము ఈ బల్లమీద వ్రాయుడు. ఒక్కొక్కటిగ చూతము.